సూరమ్మత్త ఒలుపుగొట్టం

రామతీర్థం వెళ్లే దారిలో సగం తారురోడ్డుని మొక్కజొన్న ఆక్రమించుకునే రోజులివి. నేను పనిచేసే బడికి వెళ్లే ఆటో ఆ గింజల అంచున, ఒక పక్క చక్రం మట్టిలోకి దిగి, ఒరుగుతూ ఒరుగుతూ నడుస్తుంది. డ్రైవరు రోజూ రైతుల్ని తిడతాడు, రైతులు రోజూ డ్రైవర్ని తిడతారు, మధ్యలో కూర్చున్న నాకు మాత్రం ఆ వాసన ముక్కులోకి వచ్చేస్తుంది: ఎండ తగిలిన పిండి వాసన, పాత గోనె వాసన, కొంచెం తీపి, కొంచెం దుమ్ము. పక్కన కూర్చునే కొత్త టీచరమ్మ విశాఖపట్నంలో పుట్టి పెరిగిన మనిషి. "ఎంత బాగుందండీ ఈ వాసన!" అంటుంది. నేను తలూపి ఊరుకుంటాను. నాకా వాసన పడదు. నలభై ఏళ్లు దాటినా పడదు. ఆ వాసన వచ్చిందంటే మా సూరమ్మత్త బొటనవేలు గుర్తొస్తుంది, బొటనవేలు గుర్తొస్తే నేను చేసిన పని గుర్తొస్తుంది, ఇక ఆ పూట పిల్లలకి చెప్పే పాఠం సరిగ్గా సాగదు.

మా ఊరు నెల్లిమర్లకి అయిదారు మైళ్లు లోపలికి ఉంటుంది. పల్లంలో వరి, మెట్ట మీద గోగు, వేరుశెనగ, మొక్కజొన్న. జ్యేష్ఠంలో వేసిన మొక్కజొన్న శ్రావణమాసం నాటికి పాలు పోసుకునేది. అప్పుడు పిల్లలం మనుషుల్లా ఉండేవాళ్లం కాదు. పొత్తు పీచుతో మీసాలు పెట్టుకోవడం, అదే పీచు జడలుగా అల్లి ఆకుబొమ్మలకి అతికించడం, పొయ్యిలో నిప్పులు కొంగున కట్టినంత ధీమాగా చిప్పలో పట్టుకెళ్లి చేనుగట్టునే పొత్తులు కాల్చుకోవడం, మూతుల చుట్టూ మసితో ఇంటికొచ్చి "తినలేదు" అని ఒట్టు పెట్టుకోవడం. అమ్మ లేత పొత్తులు తురిమి, పచ్చిమిరపకాయ, అల్లం దంచి వేసి గారెలు వండేది. బెల్లం ముక్క కొరుక్కుంటూ ఆ గారె తింటే కారం, తీపి ఒకేసారి తగిలి కళ్లల్లో నీళ్లు తిరిగేవి. ఇవన్నీ తియ్యటి జ్ఞాపకాలే. చాలామంది ఇక్కడితో ఆపి, ఆ రోజులు మళ్లీ రావంటూ నిట్టూరుస్తారు. నాకు ఆపడం చేతకాదు, ఎందుకంటే లేత పొత్తుల తర్వాత ముదురు పొత్తులు వచ్చేవి, వాటిని ఎవరో ఒకరు ఒలవాలి.

ఒలిచేది మా సూరమ్మత్త. ఆమె మా నాన్నకి అప్ప, అంటే అక్క. మా వైపు అక్కని అప్ప అనే అంటారు. నాన్నకి అయిదేళ్లప్పుడు నానమ్మ పోతే, ఆయన్ని చంకనేసుకుని పెంచింది ఈవిడే. తర్వాత పెళ్లి చేసి పంపితే, మొగుడు నెల్లిమర్ల మిల్లులో పనికి కుదిరి, అక్కడే ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. అత్త ఒక రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి మా ఇంటికి వచ్చేసింది. ఆమె ఏడవగా ఎవరూ చూడలేదంటారు. పొడుగ్గా, ఎండు కట్టెలా ఉండేది. చుట్ట అడ్డపొగ కాల్చేది. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, అలాగే మాట్లాడుతూ, అలాగే తిడుతూ, అలాగే మా జడలు వేసేది. ఆ నిప్పుకి నోరెందుకు కాలదని నేను అడిగితే, "నోట్లో నిప్పుంటేనే గదే ఎదుటోడు భయపడతాడు" అనేది.

దసరాకి నెల ముందు నుంచే ఎండు పొత్తులు వసారాలో దూలం అందేంత ఎత్తున పడేవి. మధ్యాహ్నం చోడి అంబలి తాగి, వీధిలోని ఆడవాళ్లు నలుగురైదుగురు వచ్చి గుట్ట చుట్టూ కూర్చునేవారు. ఈ వారం మా ఇంట్లో ఒలిస్తే పై వారం వాళ్లింట్లో ఒలవాలి. ఎవరి ఇంట ఒలిచినా బెండ్లు, అంటే గింజ రాలిపోయిన పొత్తులు, ఒలిచినవాళ్లు పొయ్యిలోకి పట్టుకెళ్లేవారు. ముందు కొడవలి మొనతో ఒక వరస గింజలు పెకలించాలి. దారి పడ్డాక, పక్క వరసని బొటనవేలితో ఆ ఖాళీలోకి నెట్టాలి. ఒక పొత్తు నెట్టి చూడండి, సరదాగానే ఉంటుంది. పదో పొత్తుకి వేలి మొదట్లో చుర్రుమంటుంది. ఆ పూట అయ్యేసరికి తోలు లేస్తుంది. ఆ తోలు ఆరకుండానే మర్నాడు మళ్లీ గుట్ట ముందు కూర్చోవాలి. అత్త వేలికి ఆముదంలో ముంచిన గుడ్డపీలిక చుట్టుకునేది, అది గింజల మధ్య జారిపోతోందని విసుక్కుని విప్పి పారేసేది. రాత్రి అన్నంలో పులుసు కలుపుకుని ముద్ద నోటి దగ్గరికి తెచ్చి ఉఫ్ అని ఊదేది. వేడి ముద్దనని నేను చాలా రోజులు అనుకున్నాను. ఊదుకునేది వేలిని.

నాన్న ఎప్పుడూ ఆ గుట్ట దగ్గర కూర్చోలేదు. పొత్తులు విరిచి, బండిలో తెచ్చి, వసారాలో పోసేదాకా మగవాళ్ల పని. ఒలిచిన గింజల్ని బస్తాలకెత్తి సంతకి తోలడం మళ్లీ మగవాళ్ల పని. మధ్యలో ఉన్నది పనిగా ఎవరూ అనుకునేవారు కాదు, "ఆడోళ్లు కూకుని కబుర్లు సెప్పుకుంతన్నారు" అనేవారు.

నేను నాలుగో తరగతి చదివే ఏడు, వీధి చివర బోరింగు పాడైతే బాగుచేయడానికి వచ్చినవాళ్లు తుప్పు పట్టిన గొట్టం ముక్కలు కొన్ని అక్కడే పారేసి వెళ్లారు. పిల్లలం వాటిలో రాళ్లు వేసి దొర్లించుకుంటుంటే అత్త ఒక ముక్క లాక్కుంది. బెత్తెడు పొడవుంటుంది. దాన్ని తెచ్చి, చేతిలో ఉన్న పొత్తుని అందులోకి దూర్చి తిప్పింది. పొత్తు తిరిగింది, ఏమీ రాలలేదు. మళ్లీ తిప్పింది. అప్పుడు చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకుని, నన్ను వెంటేసుకుని కమ్మరి అప్పన్న కొలిమికి నడిచింది.

అప్పన్న నవ్వాడు. "ఏటి సూరమ్మా, పిల్లనగ్రోవి సేయించుకుంతావేటి?"

"నీ తలకాయ. లోపల పళ్లు పెట్టాల. నాలుగైతే సాలు."

మొదటిసారి అతను పళ్లు నిటారుగా పెట్టాడు. గింజలు రాలాయి గానీ సగం పగిలిపోయాయి. అత్త మర్నాడు మళ్లీ వెళ్లింది. రెండోసారి పళ్లు పొట్టివై పొత్తు ఊరికే జారిపోయింది. మూడోసారి ఆమె ఒక పొత్తుని కొడవలితో అడ్డంగా కోసి, గింజ ఎంత లోతున పాతుకుని ఉందో అప్పన్నకి చూపించి, పన్ను ఇంత ఎత్తు, ఇలా ఏటవాలుగా, పైన ఎడంగా కింద దగ్గరగా అని నేల మీద బొగ్గుతో గీసింది. చదువు రాని మనిషి గీసిన గీత అది. నేను పక్కనే గొంతుక్కూర్చుని చూశాను. ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోవాలి, నేను చూశాను. కూలికి బదులుగా రెండు బస్తాల బెండ్లు అప్పన్న ఇంటికి మోసింది.

ఆ గొట్టం ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో పొత్తు సన్నపు కొస లోపలికి దోసి ఒక్క మెలిక తిప్పితే, కరకరమంటూ గింజలన్నీ ఒళ్లోకి రాలేవి. మొదటి పొత్తు ఒలిచిన రోజు అత్త ఆ ఖాళీ బెండుని ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకోటి తీసుకుంది. మూడు రోజుల పని ఒక పూటకి దిగింది. పది రోజులకి ఆమె వేలి మీద కొత్త తోలు వచ్చింది. లేత గులాబీ రంగులో ఉన్న ఆ తోలుని ఆమె చూపుడువేలితో తడుముకుంటూ ఉండేది.

వీధిలో అందరికీ ఆ గొట్టం కావలసి వచ్చింది. అత్త అడిగినవాళ్లకల్లా ఇచ్చేది. మా వైపు ఒకరింటి గిన్నె తెచ్చుకుంటే ఖాళీగా తిరిగి ఇవ్వరు, చిటికెడు బెల్లమో నాలుగు వంకాయలో వేసి ఇస్తారు. గొట్టానికి రెండు పక్కలా కన్నమే, అందులో ఏం వేస్తారు? ఆడవాళ్లు దానికీ దారి కనిపెట్టారు. ఒకావిడ సరిగ్గా పట్టే చిలగడదుంప బిగించి పంపేది. ఒకావిడ అరటిపండు దూర్చింది, అది రాక మేం పుల్లతో పొడిచి పొడిచి గుజ్జు నాకాం. అన్నం తిన్నంతసేపూ నవ్వింది అత్త. ఆమె అంతలా నవ్విన రోజులు ఆ ఏడే చూశాను, ఆ నెలే చూశాను.

దసరా వచ్చింది. ఆ రోజు ఇంట్లో పనిముట్లన్నీ కడిగి, నాగలి, గొడ్డలి, పార, కొడవళ్లు గోడవారగా వరసగా పెట్టి, పసుపు రాసి బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొడతారు. ఆ రోజంతా వాటిని ఎవరూ ముట్టరు. మర్నాడు పొద్దున్న ఇంటి యజమాని స్నానం చేసి, తన చేత్తో ఒక్కొక్కటే ఎత్తి మళ్లీ పనిలోకి తీస్తాడు. ఆ వరసలో ఉన్నవి ఇంటి యజమానివి. తిరగలి, రోకలి, చేట వంటివి వంటింటి పక్కన వేరుగా ఉండేవి, వాటికి అమ్మ బొట్టు పెట్టేది. అత్త తన గొట్టాన్ని చింతపండుతో తళతళా తోమి, అటు తీసుకెళ్లి నాగలి పక్కన పెట్టింది. అది తిరగళ్ల వరసలో ఉండదగిన వస్తువు కాదని ఆమెకి అనిపించి ఉంటుంది. ఇనుముతో, కొలిమిలో పుట్టిన వస్తువుకి నాగలి పక్కన చోటు కావాలనుకుంది. నాన్న ఒక్క క్షణం చూసి, దానికీ బొట్టు పెట్టాడు. అత్త మొహం వెలిగిపోయింది. అమాయకురాలు. మర్నాడు పొద్దున్న నాన్న నాగలినీ పారనీ ఎత్తినట్టే దాన్నీ ఎత్తి, తన కొడవలి తగిలించే మేకుకి తగిలించాడు. ఆ రోజు నుంచి వీధిలో ఆడవాళ్లు గొట్టం కావాలంటే నాన్నని అడగవలసి వచ్చింది, నాన్నని అడగడానికి మొహమాటపడి చాలామంది అడగడం మానేశారు.

కార్తీకం మొదట్లో వ్యవసాయాధికారి ఒకాయన కళ్లాల వైపు వచ్చాడు. నాన్న ఆయనకి కొబ్బరినీళ్లు ఇప్పించి, గొట్టం తెచ్చి, ఒక పొత్తు తిప్పి చూపించాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "అబ్బో, ఎవరయ్యా చేసింది?" అన్నాడు. నాన్న నవ్వాడు. అంతే, మాట్లాడలేదు. ఆయన ఆ నవ్వునే జవాబు అనుకుని నాన్న భుజం తట్టాడు. విజయనగరంలో రైతుల పనిముట్ల ప్రదర్శన పెడుతున్నారు, తప్పకుండా పట్టుకురమ్మన్నాడు.

కబురు తెలిసి అత్త సంబరపడింది. "నాను కూడా వస్తాన్రా" అంది నాన్నతో.

"నువ్వెందుకప్పా, అక్కడంతా మొగోళ్లు. పొత్తులెవులు ఒలుస్తారు, మబ్బేసింది."

నిజంగానే తూర్పున మబ్బు వేసి ఉంది. ఇంకా సగం గుట్ట ఒలవవలసి ఉంది. నాన్న నన్ను తీసుకెళ్లాడు. కొత్త గౌను వేసి, రెండు జడలకీ ఎర్ర రిబ్బన్లు కట్టి పంపింది సూరమ్మత్తే. బస్సెక్కే ముందు నా చెవిలో, "ఎలగ తిప్పాలో నీకు తెలుసు గదా, ఆళ్లకి తిన్నగా సూపించు. మీ అయ్యకి మెలిక రాదు" అంది.

అక్కడ షామియానా కింద బల్లల మీద ఏవేవో పనిముట్లు. నాన్నకి నిజంగానే మెలిక రాలేదు. చెమట్లు పట్టి పొత్తు ఇరికించేసుకున్నాడు. నేను తీసుకుని తిప్పాను. కరకరమని రాలాయి. జనం మూగారు. పెద్ద ఆఫీసరమ్మ ఒకావిడ, నీలం చీర, మెళ్లో కళ్లజోడు తాడు, వంగి నా గడ్డం పట్టుకుని అడిగింది: "భలే తిప్పుతున్నావే! ఇది ఎవరు తయారుచేశారమ్మా?"

నాన్న నా వైపు చూడలేదు. బల్ల మీద రాలిన గింజల్ని చేత్తో కుప్పగా దగ్గరికి తీస్తున్నాడు. ఫోటోలు తీసే అతను కెమెరా కంటికి ఎత్తాడు. నాకు కొలిమి గుర్తుంది, బొగ్గు గీత గుర్తుంది, రెండు బస్తాల బెండ్లు గుర్తున్నాయి. తెలియక చెప్పానని నన్ను నేను సముదాయించుకోవడానికి వీల్లేదు. అంతమంది షర్టుల మధ్య, ఆ ఇస్త్రీ మనుషుల మధ్య, నోట్లో నిప్పు పెట్టుకుని చుట్ట కాల్చే మా అత్త పేరు చెప్పడానికి సిగ్గేసింది. అదీ నిజం.

"మా నాన్న" అన్నాను.

మెరుపు మెరిసింది. మర్నాటి పేపర్లో ఆ ఫోటో పడింది: నాన్న చేతిలో గొట్టం, పక్కన పళ్లు ఊడిన నా నవ్వు. నాన్నకి శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. గొట్టాన్ని మాత్రం నమూనాగా పై ఆఫీసుకి చూపించాలని ఉంచేసుకున్నారు. నాన్న కాదనలేదు, అడగనూ లేదు.

మేం ఇంటికి వచ్చేసరికి సన్నగా తుంపర పడుతోంది. అత్త వసారాలో గుట్ట ముందు కూర్చుని, వాన ముదిరేలోగా ఒలిచేయాలని బొటనవేలితో గింజలు నెడుతోంది. లేత తోలు అప్పుడే లేచిపోయింది. మమ్మల్ని చూసి చేయి చాపింది.

"గొట్టం ఏదిరా?"

"ఆఫీసోళ్లు ఉంచుకున్నారప్పా. పెద్దోళ్లకి సూపిస్తారట" అని నాన్న శాలువా మడత పెట్టుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

ప్రశంసాపత్రం నా చేతిలో ఉంది. అత్త చేయి చీరకి తుడుచుకుని, దాన్ని తీసుకుని, తలకిందులుగా పట్టుకుని చూసింది. నాకు తిరిగి ఇచ్చింది. "ఏటి రాసారే ఇందులో? సదువు."

చదివాను. నాన్న పేరు, తాత పేరు, మా ఊరి పేరు, స్వయంగా రూపొందించిన అని ఒక ముక్క. అత్త విని, "నిన్నేటైనా అడిగేరేటి?" అంది.

"లేదత్తా" అన్నాను. "నన్నెవరూ ఏమీ అడగలేదు."

ఆమె నా రిబ్బను వదులైతే బిగించి కట్టింది. వేలి రసి ఆ ఎర్ర రిబ్బనుకి అంటింది. మర్నాడు పేపరు ఇంటింటికీ తిరిగింది, ఫోటో కింద నా మాట కూడా రాశారు. పక్కింటివాళ్లు గట్టిగా చదివారు. అత్త అక్కడే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్లు ఊరంతటికీ దొరికేవి, నాకు ఆ ఒక్కసారి దొరకలేదు.

ఆ చేతులు చూసి అమ్మ, "అప్పన్న ఉన్నాడు గదా వదినా, ఇంకోటి సేయించుకో" అంటే అత్త, "సేయిస్తే అదీ నీ మొగుడిదే అవుతాది" అంది. అంత మాట అని, మళ్లీ పొత్తు తీసుకుంది. ఆ తర్వాత పదేళ్లు బొటనవేలితోనే ఒలిచింది. కొన్నాళ్లకి సంతలో అలాంటి గొట్టాలే తేలికపాటి రేకువి వచ్చాయి, అమ్మ కొనితెచ్చింది. అత్త దాన్ని ముట్టలేదు. గోరు ఊడి, మళ్లీ వంకరగా మొలిచింది. చివరికి జ్వరంతో మంచం పట్టినప్పుడు కూడా ఆమె బొటనవేలు దుప్పటి అంచుని నెడుతూ ఉండేది. నేను అప్పటికి టీచరు ట్రైనింగులో ఉన్నాను. రెండు రోజులు పక్కన కూర్చున్నాను. చెప్పడానికి రెండు రోజులు సరిపోవా? సరిపోతాయి. చెప్పలేదు.

ఇప్పుడు ఒలవడానికి ఎవరూ కూర్చోవడం లేదు. ట్రాక్టరుకి మిషను తగిలిస్తే బస్తాలకి బస్తాలు నిమిషాల్లో ఒక పక్క గింజ, ఒక పక్క పొడి అయిపోతుంది. బెండ్ల పొయ్యిలు లేవు, గ్యాసు వచ్చింది. గొట్టంలో చిలగడదుంప బిగించి పంపే పక్కింటి చేతులు లేవు. కొలిమి ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు పెట్టారు. ఆడవాళ్ల వేళ్లు పుండ్లు కావడం లేదు, దానికి మాత్రం నేను సంతోషిస్తాను. మిగతావాటి కోసం నిట్టూర్చే అర్హత నాకు లేదు.

మొన్న నాన్నని చూడడానికి విజయనగరంలో తమ్ముడింటికి వెళ్లాను. ఎనభై దాటాయి, మాట స్పష్టంగానే ఉంది. నేనున్నప్పుడే వ్యవసాయ కాలేజీ కుర్రాడొకడు పాత పనిముట్ల గురించి రాసుకుంటున్నానని వచ్చి, ఆ పేపరు ఫోటో కాపీ చూపించి, "తాతగారూ, మీకీ ఆలోచన ఎలా వచ్చిందండీ?" అన్నాడు. నాన్న నవ్వాడు. అదే నవ్వు. అప్పుడు నా నోరు తెరుచుకుంది. "చేసింది ఈయన కాదు బాబూ, మా అత్త, సూరమ్మ" అన్నాను. కొలిమి సంగతి, మూడుసార్లు పళ్లు మార్చిన సంగతి, బొగ్గు గీత, అన్నీ చెప్పాను. ఆ కుర్రాడు రాసుకున్నాడు. ఆవిడ ఫోటో ఉందా అని అడిగాడు. లేదు. ఉన్నదల్లా అతని చేతిలో ఉన్న ఆ ఫోటోయే, అందులో ఆమె లేదు.

అతను వెళ్లాక నాన్న కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు గెలిచినట్టే ఉంది, అబద్ధమెందుకు. ఇన్నేళ్ల కోపం తీరినట్టు ఉంది. అప్పుడు ఆయన నా వైపు తిరిగి, కోపం లేకుండా, నిదానంగా అన్నాడు: "నాను సేసానని నానెప్పుడూ అన్లేదు తల్లీ. ఆలోసించుకో. ఆ ఆఫీసరుకీ అన్లేదు, ఈ గుంటడికీ అన్లేదు. సెప్పింది నువ్వు."

"అవును నాన్నా" అన్నాను. "చెప్పింది నేనే."

ఈ మాట ఆ రోజు వసారాలో, వేలు పుండై, నా రిబ్బను బిగిస్తూ, నన్నేమైనా అడిగారా అని అత్త అడిగినప్పుడు అనవలసింది.